దవడ చూసి చెప్పే మా అన్న

మా అన్న ఐలేశం గురించి నాలుగు మాటలు రాయాలని ఎనిమిదేళ్లుగా అనుకుంటున్నాను. కాగితం ముందు కూర్చుంటాను, ఆయన గొప్పతనం మీద అరపేజీ రాస్తాను, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి కలానికి మూత పెట్టి లేస్తాను. అసలు సంగతిలో ఆయన కంటే నేనే ఎక్కువగా కనిపిస్తాను, అదీ నా బాధ. ఈసారి లేవకూడదని తలుపు గడియ వేసుకుని కూర్చున్నాను.

మాది కొత్తకోటకు ఆరు మైళ్ల దూరంలో రాతిగుట్టల మధ్య ఉన్న పల్లె. గొర్రెలు మేపుకునే కుటుంబం. నాకు ఐదేళ్లప్పుడు నాయిన పోతే, నాకంటే పన్నెండేళ్లు పెద్దవాడైన అన్న మంద బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. నన్ను మాత్రం గుట్ట ఎక్కనివ్వలేదు. "నువ్వు పలక వట్టు, కర్ర నేను వడ్త" అన్నాడు. ఆ పలక పుణ్యమా అని నేను కొత్తకోట బడిలో పంతుల్నయ్యాను. పర్వతాలు సారు అనిపించుకున్నాను. ఇస్త్రీ బట్టలు తొడిగాను. నడతలో కూడా ఆ ఇస్త్రీ కొంచెం ఎక్కువే ఎక్కింది.

అన్నకు చేతుల్లో ఒక విద్య ఉండేది. రాళ్ల సందున కాలు ఇరుక్కుని కీలు తప్పిన గొర్రెను ఒళ్లో పడుకోబెట్టుకుని, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి, ఒక్క గుంజు గుంజితే అది లేచి మందలో కలిసేది. గొర్రెల తర్వాత మనుషులు రావడం మొదలుపెట్టారు. జాతరలో కబడ్డీ ఆడి భుజం జారినవాళ్లు, మోకాలు మెలిపడ్డవాళ్లు చుట్టుపక్కల పది ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. ఆయన కీలు ఎక్కించి ఊరుకునేవాడు కాదు. "ఇరవై ఒక్క దినం ఆట బంద్. బరిల కనవడితివా, రెండో భుజం నేనే జారగొడ్త" అని బెదిరించి మరీ పంపేవాడు. వాళ్లు నిజంగానే భయపడేవాళ్లు.

గుట్ట మీద గొర్రె పడితే అందరూ దాని కాలు చూస్తారు. అన్న దవడ చూసేవాడు. సాయంత్రం లోపల అది నెమరు వేసిందంటే ఎముక బాగున్నట్టు, కండో నరమో పట్టినట్టు. అలాంటిదాన్ని మర్నాడే నడిపించాలి. పడుకోబెడితే కాలు కొయ్యబారుతుంది, మంద వెంట రాలేని గొర్రెను తోడేలు తీసుకుపోతుంది. నెమరు ఆగిపోతే మాత్రం ఎముక విరిగినట్టే. అప్పుడు వెదురు దబ్బలు కట్టి భుజాన మోసుకొచ్చేవాడు. ముప్పై ఏళ్లలో ఈ గుర్తు ఒక్కసారి కూడా తప్పలేదని ఆయన అనేవాడు. నేను ఆ మాట బడిలో అందరికీ చెప్పి గొప్పలు పోయేవాణ్ణి. ఆయన ముఖాన మాత్రం ఒక్కనాడూ మెచ్చుకోలేదు. అదేం బిగువో నాకే తెలియదు.

మా అమ్మ బీరమ్మకు మతిమరుపు పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మొదలైంది. అరుపు విని ఏ పిల్ల ఏ గొర్రెదో చెప్పే మనిషి, ఒకరోజు పిల్లల్నన్నిటినీ తప్పు తల్లుల కింద వదిలింది. మేం నవ్వుకున్నాం. తర్వాత ఎప్పుడో పోయిన నాయిన మేత నుంచి ఇంకా రాలేదని గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత తిన్న సంగతి మరిచిపోసాగింది. చెయ్యి కడుక్కున్న కాసేపటికే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లి "మా కోడలు నాకు బువ్వ వెడ్తలేదు" అనేది. మా వదిన గుర్వమ్మ ఊళ్లో తలెత్తుకోలేకపోయింది. వాళ్లకు కొన్నాళ్లు ఊపిరాడుతుందని అమ్మను కొత్తకోటకు తెచ్చుకున్నాను.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఒక సాయంత్రం మా హెడ్మాస్టరు ఏవో కాగితాల మీద సంతకం కోసం ఇంటికి వచ్చాడు. అమ్మ లోపలినుంచి జారిన కొంగుతో, గిన్నెతో వచ్చి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. "బాంచెన్ దొరా, గీ ఇంట్ల నాకు తిండి వెడ్తలేరు" అంది. ఆయన కోటు సర్దుకుని నావైపు చూశాడు.

"ఎవరండీ ఈమె?"

"మా ఊరి ముసలమ్మండి. దిక్కులేనిది. జాలిపడి ఉంచుకున్నాం."

ఈ మాట ఎవరో తోసినట్టు నోట్లోంచి వచ్చింది అని రాద్దామనుకున్నాను. అబద్ధం. ఆలోచించే అన్నాను. మర్నాడు ఆయన ప్రార్థన సమయంలో పిల్లలందరి ముందు నా దయాగుణాన్ని మెచ్చుకున్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చేతులు కట్టుకుని నిలబడి ఆ చప్పట్లు అందుకున్నాను. ఆ శనివారమే అమ్మను బస్సెక్కించి అన్న దగ్గర దించి వచ్చాను. "జర కొన్నాళ్లు నీ తాన ఉండనీ అన్నా" అంటే, ఎందుకని ఆయన అడగలేదు.

అరవై ఒకటి వానాకాలంలో, ఒక శుక్రవారం అమ్మ గొర్రెల దొడ్డి దగ్గర తడి బండ మీద జారి పడింది. తనంతట తనే లేచి కూర్చుంది. గంట తిరక్కముందే బువ్వ అడిగింది, పెడితే కడుపు నిండా తిన్నది, మళ్లీ అడిగింది. అన్న సాయంత్రం దాకా ఎదురుగా కూర్చుని ఆమె దవడ చూశాడు. అది ఆడుతూనే ఉంది. ఎముకకేమీ కాలేదని తేల్చాడు.

ఆదివారం నేను ఊరికి వెళ్లేసరికి అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"తుంటి కాడ నరం పట్టింది" అన్నాడు అన్న. "ఫికర్ జెయ్యకు. పొద్దటిసంది మూడుసార్లు తిన్నది. నడిపియ్యాలె, లేకుంటె కాలు కొయ్యవారతది. నువ్వు గా రెక్క వట్టు."

పట్టుకున్నాను. ఇద్దరం చెరో పక్క నిలబడి అమ్మను దొడ్డి చుట్టూ తిప్పాం. ఆమె అరవలేదు. కాని పై పెదవి మీద చెమట పట్టింది. కొంగు కొస పళ్ల మధ్య పెట్టుకుని నూరింది. నొప్పి ఉన్న పక్క కాలు వేలి కొసల మీదే ఆనించింది. నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆమె గోళ్లు నా చర్మంలో దిగాయి. నేను వైద్యుణ్ణి కాదు. అయినా అది నరం నొప్పి కాదని నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. అన్న మాత్రం ఆమె దవడే చూస్తున్నాడు.

మహబూబ్‌నగర్, అదే మా పాలమూరు, దవాఖానకు ఎముకల డాక్టరు ఒకాయన కొత్తగా వచ్చాడని కొత్తకోటలో అందరికీ తెలుసు. తీసుకుపోదాం అన్న మాట నా నాలుక చివర దాకా వచ్చింది. ఆ వెంటనే దారి గుర్తొచ్చింది. మా ఊరి నుంచి పాలమూరుకు వెళ్లే బస్సు కొత్తకోటలో మా బడికి ఎదురుగా అరగంట ఆగుతుంది. అమ్మ కిటికీలోంచి నన్ను 'కొడుకా' అని పిలుస్తుంది. హెడ్మాస్టరు వింటాడు. పిల్లలు వింటారు.

"నీకంటె ఎవరికి తెలుసన్నా?" అన్నాను. "పట్నం డాక్టర్లకు గూడ నీ చెయ్యి రాదు. నువ్వే సూడు."

మా అన్న ముఖం వెలిగిపోయింది. నలభై ఏళ్లు దాటిన మనిషి సిగ్గుపడుతూ తలపాగా సర్దుకున్నాడు. వదిన జొన్న రవ్వతో వండిన గటుక వడ్డించి పిలిచింది. బస్సుకు వేళైందని చెప్పి, కంచం ముట్టకుండా వచ్చేశాను.

తర్వాత జరిగింది వదిన చెప్పగా విన్నాను. నాలుగు రోజులు నడిపించినా గుణం కనిపించకపోవడంతో, కీలు తప్పిందేమో అని అన్నకు అనుమానం వచ్చిందట. అమ్మను చాప మీద పడుకోబెట్టి, తన మడమ ఆనించి, గొర్రెకు గుంజినట్టు గుంజాడట. ఆ గుంజుకు మాత్రం అమ్మ అరిచిందట. ఆ రోజునుంచి అడుగు వేయలేదు. తొమ్మిదో రోజుకు పాదం బయటికి తిరిగిపోయింది, ఆ కాలు రెండు వేళ్ల మేర పొట్టిదైంది. బువ్వ మాత్రం అడుగుతూనే ఉంది.

ఆ తొమ్మిదో రోజు అన్న అమ్మను ఎడ్లబండిలో గొంగడి పరిచి పడుకోబెట్టి, తిన్నగా మా బడి ముందుకే తోలుకొచ్చాడు. నేను బయటికి పరిగెత్తాను. నా వెనకే హెడ్మాస్టరు వచ్చి బండిలోకి తొంగి చూశాడు.

"ఈమె మీరు ఉంచుకున్న దిక్కులేని ముసలమ్మ కదూ?" అన్నాడు.

అన్న ఆయన్ని చూశాడు. నన్ను చూశాడు. "మా అమ్మ సారూ" అన్నాడు. "మా ఇద్దర్ని గన్నది."

 హెడ్మాస్టరు తనే రోడ్డు మీదికి వెళ్లి, అప్పుడే కదలబోతున్న పాలమూరు బస్సును ఆపించాడు, అమ్మను ఎత్తి సీటు మీద పడుకోబెట్టడానికి ఒక చెయ్యి వేశాడు. నేను ఏ నిమిషానికి భయపడి నోరు మూసుకున్నానో, ఆ నిమిషం అంతే. దానికోసం మా అమ్మ విరిగిన కాలి మీద దొడ్డి చుట్టూ తిరిగింది.

దవాఖానలో డాక్టరు దశరథం ఎక్స్‌రే ఫొటోను కిటికీ వెలుతురుకు పెట్టి చూపించాడు. తొడ ఎముక పైన గుండు కింద, మెడలా సన్నబడే చోట విరిగింది. "పడ్డప్పుడు విరిగిన ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగబడి ఉంటాయి. అందుకే మొదట్లో నిలబడగలిగింది" అన్నాడాయన. "రెండు మూడు రోజుల్లో తెచ్చి ఉంటే ఉక్కు మేకు వేసి బిగించేవాళ్లం. కర్ర సాయంతో నడిచేది. ఇప్పుడు ముక్కలు విడిపోయాయి, పైన గుండుకు నెత్తురు అందడం లేదు. ఇతర దేశాల్లో ఆ గుండు తీసేసి లోహపు గుండు పెడుతున్నారు. ఈ వయసులో, ఈ స్థితిలో, ఇక్కడ నేను ఆ సాహసం చేయలేను."

"నడుస్తదా సారూ?" అన్నాడు అన్న.

"నడవదు."

ఆ డాక్టరు దగ్గర నల్ల అట్ట పుస్తకం ఒకటి ఉండేది. మతి తప్పిన ముసలివాళ్లకు తుంటి విరిగితే, మిగతావాళ్ల కంటే ఆలస్యంగా దవాఖానకు వస్తున్నారని ఆయన గమనించాడట. నొప్పి ఉన్నా వాళ్లు చెప్పుకోలేరు, ఇంట్లోవాళ్లు పోల్చుకోలేరు. అలా వచ్చినవాళ్ల సంగతులన్నీ రాసుకుంటున్నాడు. మమ్మల్ని కూర్చోబెట్టి అడిగాడు.

"ఆమెను నడిపించింది ఎవరు?"

"నేనే" అన్నాడు అన్న. దవడ సంగతి చెప్పాడు. నెమరు సంగతి చెప్పాడు.

డాక్టరు నవ్వలేదు. "ఆమెది ఆకలి కాదు. తిన్నది గుర్తులేక అడుగుతోంది. నొప్పి ఉన్నా అడుగుతుంది" అన్నాడు. "గొర్రె కూడా నొప్పి చెప్పదు కదా. నెమరు కాక ఇంకేం గుర్తులుంటాయి?" అని కలం తీశాడు.

అన్న వేళ్లు మడుస్తూ చెప్పసాగాడు. మందకు దూరంగా నిలబడుతుంది. చెవులు వెనక్కి వాలుస్తుంది. పళ్లు నూరుతుంది. ముక్కుపుటాలు గబగబా ఆడతాయి. కాలు కొసల మీద ఆనిస్తుంది. అక్కడికి వచ్చి ఆగిపోయాడు. చేతులు ఒళ్లో పడిపోయాయి.

"అన్ని కనవడ్డయ్ సారూ. పళ్లు నూరింది. కొసల మీద నిలవడ్డది. గొర్రెకైతే సూద్దును. మా అమ్మకు సూడలే" అన్నాడు.

డాక్టరు తల ఎత్తకుండా రాసుకున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "మీరు చదువుకున్నవారు. మీకేమీ అనుమానం రాలేదా?"

"లేదండి" అన్నాను.

అది కూడా రాసుకున్నాడు. అన్న పక్కనే ఉండి విన్నాడు. ఇప్పుడు ఆ డాక్టరు బదిలీ మీద ఎక్కడున్నాడో తెలియదు. ఆ నల్ల పుస్తకంలో నా అబద్ధం చదువుకున్నవాడి మాటగా ఇంకా అలాగే ఉండి ఉంటుంది. దాన్ని నమ్మి ఎవరైనా ఏదైనా లెక్క కట్టారేమో కూడా.

ఆరు వారాలు అమ్మ కాలికి తాడు కట్టి, మంచం చివర బరువు వేలాడదీశారు. ఆమె ఆ తాడు పీకేసేది. చేతులు కట్టేస్తే ఇంకా గింజుకునేది. ఒకరోజు అన్న ఊరికి వెళ్లి బుట్టెడు కొత్త ఉన్ని తెచ్చి ఆమె ఒళ్లో పోశాడు. మా గుట్టల మీద మేసిన గొర్రె ఉన్ని నిండా పల్లేరు ముళ్లుంటాయి. అమ్మ వెంటనే ఏరడం మొదలుపెట్టింది. తాడు జోలికి పోలేదు. పొద్దుగూకే దాకా ఒక్కొక్క ముల్లు తీసి పక్కన పెట్టింది. ఏరినదాన్ని అన్న బయటికి తీసుకెళ్లి, మళ్లీ ముళ్లు కలిపి తెచ్చేవాడు. డాక్టరు అది చూసి అప్పటికప్పుడు చేతి కట్లు తీయించాడు. పక్క మంచం మీద అలాంటి ముసలాయనకు చిక్కుపడ్డ తాడు ఇప్పించి విప్పమన్నాడు.

ఇదంతా చెప్పి అన్నను మెచ్చుకోవాలని నాకు ఉంది. కాని ఇంకొకటి కూడా చెప్పాలి. దవాఖానకు వచ్చాక అమ్మకు మేం ఎవరమూ గుర్తులేకుండా పోయాం. నన్ను ఒకసారి పట్వారీ అనుకునేది, ఒకసారి మేనమామ అనుకునేది. నేను కాలు సర్దితే ఊరుకునేది, ఆయా సర్దితే ఊరుకునేది. అన్న చెయ్యి ఆ కాలి దగ్గరికి వస్తే మాత్రం ఒళ్లంతా ముడుచుకుని గోడవైపు జరిగేది. కొడుకు పేరు పోయింది, ముఖం పోయింది, ఆ చెయ్యి చేసిన నొప్పి మాత్రం ఆమె ఒంట్లో ఉండిపోయింది. అన్న అది గమనించి, ఉన్ని బుట్టను దూరం నుంచే కర్రతో జరిపేవాడు. ఆ కర్ర చూసినప్పుడల్లా నేను వరండాలోకి వెళ్లి నిలబడేవాణ్ణి.

అమ్మ మరో పద్నాలుగు నెలలు మంచంలో ఉండి, అరవై రెండు చివర్లో పోయింది. అన్న ఆ తర్వాత మనిషి ఒంటి మీద చెయ్యి వేయలేదు. ఎవరు వచ్చినా, నలుగురూ వింటుండగా ఒకే మాట చెప్పేవాడు. "మా అమ్మ కాలు ఖరాబ్ జేసింది నేనే. నా చెయ్యి గొర్లకే సరి. మీరు దవాఖానకు పోండ్రి." వచ్చినవాళ్లు ఇబ్బందిగా తల వంచుకునేవాళ్లు, కాని దవాఖానకు వెళ్లేవాళ్లు. నా ఎదుటే ఆయన పది పన్నెండుసార్లైనా ఈ మాట అన్నాడు. పక్కన కూర్చుని వినడమే నా పని.

ఈ యేడు, అరవై తొమ్మిదిలో, తెలంగాణ గడబిడల్లో బడులు మూతపడితే ఊరికి వెళ్లి పది రోజులున్నాను. మూడోరోజు మధ్యాహ్నం మోకాలు వాచిన కుర్రవాడొకడు వచ్చాడు. అన్న మళ్లీ అదే మాట చెప్పి పంపాడు. అతను మలుపు తిరిగేదాకా చూశాను. ఇక నోరు మూసుకోవడం నావల్ల కాలేదు.

"అన్నా, గా ఆదివారమే నాకు తెలిసింది. ఎముక ఇరిగిందని."

ఆయన ఒళ్లో ఉన్ని దులుపుతున్నాడు. చేతులు ఆగలేదు. "నాకెరుకనే" అన్నాడు.

"ఎట్లెరుక?"

"నాడు నువ్వు బువ్వ ముట్టలే. మీ వదిన కండ్ల నీళ్లు వెట్టుకున్నది, మరిది తినకుంట పోయిండని. నీ దవడ ఆగిందంటె నీకేదో తెలిసిందనే నేననుకున్న."

"మరి ఊకున్నవెందుకు? నన్నెందుకు అడగలే?"

ఉన్నిలోంచి ఒక ముల్లు ఏరి పక్కన పడేశాడు. మరొకటి ఏరాడు.

"నువ్వు మెచ్చుకుంటివి గదరా" అన్నాడు చివరికి. "పుట్టినకాడికెల్లి నువ్వు నన్ను ఒక్కనాడు గట్ల మెచ్చుకోలే. సదువుకున్నోడివి. పట్నం డాక్టర్లకు గూడ రాదంటివి. నీ దవడ సూసి గూడ, నీ మాటనే నమ్మిన."

వదిన లోపలినుంచి గటుక తెచ్చి ఇద్దరి ముందూ కంచాలు పెట్టింది. అన్న తినడం మొదలుపెట్టలేదు. నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. ఆయన నా దవడ వైపు చూస్తున్నాడు. నమలలేకపోయాను.